పరారైన కిరణాలు

మా ఆఫీసులో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట "కనపడటం లేదు". ఫైలు కనపడటం లేదు, రబ్బరు స్టాంపు కనపడటం లేదు, సూపరింటెండెంటు గారు పొద్దుటినుంచీ సీట్లో కనపడటం లేదు. ఏ ఆఫీసులోనైనా ఇంతే కదా అంటారేమో. మాది జిల్లా దృష్టి ధ్రువీకరణ మండలి. ఎవరికి కళ్లు కనపడతాయో, ఎవరికి కనపడవో, కనపడనివాళ్లకి నూటికి ఎన్ని పాళ్లు కనపడవో తేల్చి, ముద్ర వేసి కాగితం ఇవ్వడమే మా పని.

నా పేరు పేర్రాజు. సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను తల ఎత్తి చూసింది తక్కువ, తల వంచి రాసింది ఎక్కువ. అందుకే నా మీద ఇంతవరకు ఒక్క మెమో కూడా లేదు.

మా బిల్డింగు దొరల కాలం నాటిది. అందులో నలభై మూడు టేకు కుర్చీలున్నాయి. అన్నీ పేముతో అల్లినవే. టేకు చెక్కు చెదరదు గానీ పేము రెండు మూడేళ్లకోసారి తెగుతుంది. తెగినప్పుడల్లా మళ్లీ అల్లేవాడు నేలపూడి ఏసుపాదం. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. పదకొండేళ్లుగా వరండాలో గోడకి చేరగిలబడి, కుర్చీని ఒళ్లోకి వంచుకుని, వేళ్లతో కన్నాలు తడుముకుంటూ అల్లుతున్నాడు. అతను అల్లిన కుర్చీలో కూర్చుంటే నడుం సంగతి అది చూసుకుంటుంది, నిద్ర సంగతి మనం చూసుకోవచ్చు.

పదకొండేళ్లయినా అతను టెంపరరీయే. రోజూ గేటు దగ్గర పాసు రాయించుకుని లోపలికి రావాలి. అయిదేళ్ల కిందట చూపు లేనివారి కోటాలో పర్మినెంటు చెయ్యమని అర్జీ పెట్టుకున్నాడు. ఆ ఫైలు కనపడలేదు. ఈ ఏడు మళ్లీ పెట్టుకున్నాడు. జూన్ ముప్పయ్యో తారీకుతో అతనికి నలభై అయిదు నిండుతాయి. ఆలోపు ఆర్డరు రాకపోతే పోస్టు రద్దవుతుంది, అతను ఇంటికి పోవాలి. పేము కుర్చీలు తీసేసి ప్లాస్టిక్‌వి వేయించడానికి కాగితాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

"ఈపాలి అవుద్దంటారాండీ పేర్రాజు గారూ?" అని రోజూ అడిగేవాడు.

"ఎందుకవదూ? చూపు లేనివాడికి చూపు లేదని కాగితం ఇవ్వడమే కదా. నీ పాత కాగితానికి గడువు దాటింది, కొత్తది ఇస్తాం. అంతే" అనేవాణ్ణి.

"ఆయ్. మీ కుర్చీ కూడా ఓపాలి ఇవ్వండి, అల్లేత్తాను. చిల్లు పడింది, మీరు లేచినప్పుడల్లా తెలుత్తంది."

నిజమే, నా కుర్చీకి చిల్లు పడి చాలా కాలమైంది. కానీ అతనికిస్తే రెండు రోజులు సీటు వదలాలి. ఆఫీసులో సీటు వదిలినవాడికి మళ్లీ అదే సీటు దొరుకుతుందని ఏ దేవుడూ హామీ ఇవ్వడు. అందుకని చేతికందిన పాత కాగితాల కట్ట ఒకటి చిల్లులో కుక్కి, పైన తువ్వాలు పరుచుకుని కాలక్షేపం చేస్తున్నాను.

ఇలా ఉండగా మా కమిషనరు విశ్వపతి గారు ఏదో కొండ మీద రిసార్టులో జరిగిన రెండు రోజుల శిక్షణా శిబిరానికి వెళ్లొచ్చారు. అంశం "పరిపాలనలో శాస్త్రీయ దృక్పథం". వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లారు. వచ్చేటప్పుడు తొమ్మిది అడుగుల ఫ్లెక్సీ ఒకటి చుట్టచుట్టి తెచ్చారు.

దాన్ని హాలు గోడకి కట్టించి మమ్మల్నందరినీ పిలిచారు. ఫ్లెక్సీకి ఈ చివర రేడియో తరంగాలు, ఆ చివర గామా కిరణాలు. మధ్యలో మైక్రోవేవులు, పరారుణ కిరణాలు, అతినీలలోహిత కిరణాలు, ఎక్స్‌రేలు. అన్నీ విద్యుదయస్కాంత తరంగాలేనట. అంటే ఒక్క తల్లి బిడ్డలే, కాకపోతే కొందరు పొడుగు, కొందరు పొట్టి. ఆ తొమ్మిది అడుగుల్లో ఒకచోట వేలెడు వెడల్పున ఏడు రంగులు దిద్ది ఉన్నాయి. మనిషి కంటికి కనపడేది ఆ వేలెడే.

"చూశారా?" అన్నారు కమిషనరు గారు.

"చూశామండి" అన్నాం.

"చూడలేదు. నేను మనవి చేసేది అదే. మొత్తం తరంగాలలో మానవ నేత్రం గ్రహించేది సున్నా దశాంశం సున్నా సున్నా మూడు అయిదు శాతం. మిగిలిన తొంభై తొమ్మిది చిల్లర శాతాన్ని ఈ జిల్లాలో ఎవరు చూస్తున్నారు? అది ఎవరి బాధ్యత? ఇన్నాళ్లూ మన మండలి ఈ వేలెడు ముక్కని మాత్రమే ప్రాతిపదికగా స్వీకరించి దృష్టి లోపాన్ని మదింపు చేసింది. ఇది శాస్త్ర విరుద్ధం. మిగతా తరంగాల పట్ల వివక్ష."

మా కంటి డాక్టరు కమలాక్షి గారు లేచి నిలబడ్డారు. మండలి మొత్తానికి డాక్టరు ఆవిడ ఒక్కరే. అందుకని ఆవిడ మాట ఎవరూ వినరు.

"సార్, రేడియో తరంగాలు ఎవరి కంటికీ కనపడవండి. పైగా ఈ పటానికి అటు గానీ ఇటు గానీ హద్దు లేదు. హద్దు లేనిదాంట్లో శాతాలేంటండీ?"

"హద్దు లేనిచోట హద్దు విధించడానికే ప్రభుత్వం ఉంది డాక్టరు గారూ. పేర్రాజూ, హద్దు తొమ్మిది అడుగులని నోట్ చెయ్యి."

నోట్ చేశాను.

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. రాసింది నేనే, అందుకని భాషకి వంక పెట్టలేరు. "ఇకమీదట దృష్టి లోపమును యావత్తు విద్యుదయస్కాంత తరంగముల ప్రాతిపదికన మదింపు చేయవలెను. వేలెడు ప్రాతిపదికన జారీ అయిన గత ధ్రువపత్రములన్నియు ఇందుమూలముగా రద్దు పరచడమైనది."

ముందు మా సిబ్బంది మీదే అమలు చేశారు. కమలాక్షి గారు ఒక్కొక్కరి కంట్లో లైటు వేసి, అక్షరాలు చదివించి, నిట్టూర్చి, ఫారం నింపారు. నూటికి తొంభై తొమ్మిది పాయింటు తొమ్మిది తొమ్మిది ఆరు అయిదు పాళ్లు నాకు చూపు లేదని తేలింది. కమిషనరు గారికీ అంతే. అటెండరు దుర్గయ్యకీ అంతే. దుర్గయ్య తన కాగితాన్ని తిరగేసి మరగేసి చూసుకుని, "మరి ఇన్నాళ్లూ నాకు టీ గ్లాసులెలా కనపడ్డాయండీ?" అన్నాడు.

"అలవాటు మీద" అన్నాను.

నలభై శాతం దాటితే చూపు లేనివారి కోటా వర్తిస్తుంది. ఈ సంగతి ఊరంతా పాకడానికి ఒక్క పూట పట్టింది. మర్నాడు మా గేటు ముందు మొదలైన వరస బస్టాండు దాకా సాగింది. బస్సులో రాయితీ కావాలని కొందరు, ముందు సీటు కావాలని కొందరు, ఏమిస్తారో తెలియదు గానీ పక్కింటివాళ్లకి ఇచ్చారు కదా అని కొందరు. బస్సు డ్రైవర్లు బస్సుని రోడ్డు పక్కన ఆపి, ప్రయాణికులను కాసేపు కూర్చోమని చెప్పి, లోపలికొచ్చి, దాదాపు నూటికి నూరు పాళ్లూ గుడ్డివాళ్లమని ముద్ర వేయించుకుని, వెళ్లి మళ్లీ బస్సు నడుపుకున్నారు. ప్రయాణికులు కూడా దిగుదామనుకున్నారు గానీ టైము చాలలేదు.

కాదనిపించుకున్నవాడు ఒక్కడే. సెల్‌ఫోను మోగడానికి ముందే తన మోకాలు లాగుతుందని ఆ మహానుభావుడు ఉన్నమాట చెప్పుకున్నాడు. చూపు మోకాల్లో ఉన్నవాడికి కంటి కాగితం ఇవ్వరాదని కమిషనరు గారు అప్పటికప్పుడు రాసేశారు.

పదో రోజుకి జిల్లాలో మూడొంతుల మంది గుడ్డివాళ్లయ్యారు. అప్పుడు పైనుంచి కమిషనరు గారికి ఫోను వచ్చింది. అవతలివాళ్లు ఏమన్నారో తెలియదు గానీ, ఈయన నిలబడి మాట్లాడారు. ఫోను పెట్టేశాక నన్ను పిలిచి, "పేర్రాజూ, తులనాత్మకం" అన్నారు.

రెండో ఉత్తర్వు పుట్టింది ఆ ఒక్క మాట నుంచే. "ప్రతి పౌరుడును సహజముగానే తొంభై తొమ్మిది చిల్లర శాతము అంధుడు గనుక దానిని లోపముగా పరిగణింపరాదు. సగటు పౌరునితో తులనాత్మకముగా పోల్చగా అభ్యర్థికి ఎంత తక్కువ కనపడునో అంత మాత్రమే లోపము." ఒక్క సంతకంతో జిల్లాకి చూపు తిరిగొచ్చింది. గేటు ముందు వరస మాయమైంది. డ్రైవర్లు కాగితాలు చింపి పారేసి హారన్లు కొట్టుకుంటూ పోయారు. గొడవ వదిలిందనుకున్నాం.

ఆ మధ్యాహ్నమే ఏసుపాదం ఫైలు నా బల్ల మీదికి వచ్చింది.

లెక్క కట్టాల్సింది నేనే. సగటు పౌరుడికి కనపడేది సున్నా దశాంశం సున్నా సున్నా మూడు అయిదు శాతం. ఏసుపాదానికి కనపడేది సున్నా. తేడా సున్నా దశాంశం సున్నా సున్నా మూడు అయిదు. కావలసింది నలభై. ఒకసారి చేశాను, రెండోసారి చేశాను, మూడోసారి వేళ్ల మీద చేశాను. ఇంతకంటే గుడ్డితనం ఎవరి తరమూ కాదు, అయినా అతనికి చాలలేదు. "అర్హత లేదు" అని నా చేత్తోనే రాశాను. సిరా ఆరకముందే ఫైలు మూసేశాను, అబద్ధమెందుకు. కానీ లెక్కలో తప్పు లేదు కదా అని సర్ది చెప్పుకున్నాను.

కమలాక్షి గారు మాత్రం ఊరుకోలేదు. "అతన్ని మండలి ముందు కూర్చోబెట్టండి. మీ కళ్లతో మీరు చూడండి. అప్పుడూ చూపుందనే అంటే నా డిగ్రీ వెనక్కిచ్చేసి ఊరికి పోతాను" అన్నారు.

జూన్ ఇరవై నాలుగున కమిషనరు గారి గదిలో సమావేశం పెట్టారు. అది ఏసీ గది. మండలి సభ్యులందరూ ఏసీ కింద కుర్చీల్లో కూర్చున్నారు. ఏసుపాదానికి కిటికీ దగ్గర స్టూలు వేశారు. కమలాక్షి గారు అతని కళ్లు పరీక్షించారు, రెండిట్లోనూ ఏమీ లేదన్నారు. మండలివారు తులనాత్మకం అన్నారు. ఆవిడ మళ్లీ లేదన్నారు, వీళ్లు మళ్లీ తులనాత్మకం అన్నారు. ఇలా చాలాసేపు సాగాక ఏసుపాదం గొంతు సవరించుకున్నాడు.

"సూరీడు కిటికీలోకి దిగేడండి. ఒంటిగంట దాటుంటాది. అయ్యగార్లు బోయనాలు చేసొత్తారేమోనని..."

కమిషనరు గారు గోడ గడియారం చూశారు. ఒంటిగంటా పది నిమిషాలు.

"నీకెలా తెలుసు?"

"ఈ బుగ్గ మీద తెలుత్తందండి. ఇందాకా చెవి మీదుండేది."

కమిషనరు గారు కుర్చీలోంచి చటుక్కున లేచారు. "కిరణాలు! ఇతనికి కిరణాలు తెలుస్తున్నాయి! ఏ కిరణాలు డాక్టరు గారూ?"

"పరారుణ కిరణాలండి. అంటే ఎండ వేడి. అది ఒంటికి అందరికీ తెలుస్తుందండి."

"అందరికీ అని నోటి మాటగా చెప్పకూడదు. నిరూపణ కావాలి."

వెంటనే ప్రయోగం ఏర్పాటైంది. దుర్గయ్య ఏడుగురు సభ్యులకూ కళ్లకి తువ్వాళ్లు కట్టాడు. ఎండ ఎటునుంచి వస్తోందో వేలితో చూపించమన్నారు. పద్దెనిమిది డిగ్రీల ఏసీ కింద పొద్దుటినుంచీ కూర్చున్నవాళ్లు ఎండ ఎటో ఏం చెబుతారు! ఒకాయన బీరువా చూపించాడు, ఒకాయన తలుపు చూపించాడు. కమిషనరు గారు దుర్గయ్యని చూపించారు.

ఆ తర్వాత టేపు తెప్పించి ఫ్లెక్సీ కొలిచారు. ఏడు రంగుల ముక్క ముప్పావు అంగుళం. పరారుణ కిరణాల ముక్క అడుగు మీద రెండంగుళాలు. నన్ను భాగించమన్నారు. భాగిస్తే పద్దెనిమిది పైచిలుకు వచ్చింది.

"అంటే ఇతను నాకంటే పద్దెనిమిది రెట్లు ఎక్కువ చూస్తున్నాడు" అన్నారు కమిషనరు గారు. ఆయన గొంతులో కొంచెం అసూయ కూడా వినపడింది.

"నాకేం కనపడదండి బాబూ" అన్నాడు ఏసుపాదం.

"నీకు కనపడుతున్నట్టు నీకు తెలియదు. అది నీ వినయం."

"సార్, ఎండ తగిలితే చూపున్నట్టే అయితే పాదు మీది గుమ్మడికాయకి కూడా చూపున్నట్టేనండి" అన్నారు కమలాక్షి గారు.

"గుమ్మడికాయ దరఖాస్తు పెట్టుకుంటే పరిశీలిద్దాం" అన్నారు కమిషనరు గారు.

తీర్మానం నేనే రాశాను. "నేలపూడి ఏసుపాదం అను అభ్యర్థి పరారుణ కిరణాలను ఎంతమాత్రం సందేహం లేకుండా గుర్తించగలడు. ఇతని దృష్టి కమిషనరువారి దృష్టికంటె పద్దెనిమిది రెట్లు అధికము. కావున చూపు లేనివారి కోటాకు అనర్హుడు."

బయటికొచ్చాక ఏసుపాదం నా మోచెయ్యి పట్టుకున్నాడు. "పేర్రాజు గారూ, ఇంటికెళ్లి మా ఇంటిది కరుణమ్మకి ఏటని చెప్పమంటారండీ? నాకు చూపొచ్చేసిందని చెప్పమంటారాండీ?"

అతన్ని వరండా దాకా నడిపించాను. గడువు ఇంకా ఆరు రోజులే ఉంది. అతను వరండాలో సగం అల్లిన కుర్చీ దగ్గరికి వెళ్లి మిగతా సగం అల్లడం మొదలుపెట్టాడు. పని ఎలాగూ పోతుంది, సగంలో వదిలేస్తే ఎవరడుగుతారు? అయినా పూర్తి చేశాడు.

తీర్మానాన్ని టైపు చెయ్యాల్సింది భ్రమరాంబ గారు. ఆవిడకి తెలుగు మీద మహా పట్టుదల. మా నోట్లలో ఒత్తులు దిద్ది, పొల్లులు సరిచేసి గానీ టైపు చెయ్యరు. పరారుణ కిరణాలు అన్న చోట ఆవిడ వేళ్లు ఆగిపోయాయి. పరారుణ అనే మాట ఆవిడ ఎప్పుడూ వినలేదు, కనుక అది పరారైన అయి ఉండాలి. పరారయ్యేది మనుషులు గానీ కిరణాలు కాదు, కనుక కిరణాలు అనేది కిరణ్ అయి ఉండాలి. సరిచేసి టైపు చేశారు. నేను సరిచూడకుండా సంతకం పెట్టాను. నా సంతకం పైన కమిషనరు గారు కూడా సరిచూడకుండా పెట్టారు. మా ఆఫీసు ఆనవాయితీ ప్రకారం ఏ కాగితమైనా సమాచారం నిమిత్తం అన్ని శాఖలకీ ఒక్కో ప్రతి వెళుతుంది. మత్స్య శాఖకి వెళ్లింది, పశువుల ఆసుపత్రికి వెళ్లింది, పోలీసులకీ వెళ్లింది. మత్స్య శాఖవారు ఏమీ అనలేదు.

ఇరవై ఏడో తారీకున టౌను ఎస్సై గారు జీపు దిగి నేరుగా నా బల్ల దగ్గరికొచ్చారు.

"ఏసుపాదం అంటే ఎవరండీ?"

"మా కుర్చీలు అల్లేవాడండి. ఏం చేశాడండీ?"

"ఏం చెయ్యలేదు, చేస్తాడు. సెల్ టవర్ల దగ్గర బ్యాటరీలు పోతున్నాయి కదండీ, ఆ కేసులో కిరణ్ అనేవాడు పరారీలో ఉన్నాడు. మూడు నెలల్నుంచి గాలిస్తున్నాం. వాడి ఫొటో లేదు, వాణ్ణి చూసిన పాపాన పోయినవాడు లేడు. ఇన్నాళ్లకి మీ ఆఫీసు పుణ్యమా అని ప్రత్యక్ష సాక్షి దొరికాడు. ఇదిగో చూడండి, 'పరారైన కిరణ్‌ను ఎంతమాత్రం సందేహం లేకుండా గుర్తించగలడు.' ఇంత గట్టిగా పోలీసులం మేం కూడా రాయమండీ!"

లేచి నిలబడ్డాను. "ఎస్సై గారూ, అతనికి కళ్లు కనపడవండి."

"మీ కమిషనరు గారికంటే పద్దెనిమిది రెట్లు ఎక్కువ చూస్తాడని మీ కమిషనరు గారే సంతకం పెట్టారు. కింద మీ సంతకం కూడా ఉంది."

కాగితం పట్టుకుని కమిషనరు గారి గదిలోకి పరిగెత్తాను. ఆయన చదివారు, మళ్లీ చదివారు, కళ్లజోడు తుడుచుకున్నారు.

"తప్పు దొర్లిందని రాసి పంపేద్దామండి" అన్నాను.

"ఈ కాగితంలో ఒక మాట తప్పంటే, పద్దెనిమిది రెట్లు కూడా తప్పేమో అంటారు. అది తప్పంటే తులనాత్మకం తప్పంటారు. ప్రభుత్వ కాగితంలో తప్పు ఉండదు పేర్రాజూ, అర్థం చేసుకునేవాళ్లలో ఉంటుంది. అతన్ని వెళ్లి గుర్తించనివ్వండి. తోడు నువ్వు వెళ్లు."

ఇరవై తొమ్మిదో తారీకు పొద్దున్న కోర్టుకి వెళ్లాం. పరారైన కిరణ్ దొరకలేదు కనుక పోలీసులు దొరికిన కిరణ్‌లను తెచ్చారు. ముగ్గురు. ఒకడు టీవీలు బాగు చేస్తాడు, ఒకడు సోడా బండి నడుపుతాడు, మూడోవాడు పోటీ పరీక్షలకి చదువుకుంటున్నాడు. ముగ్గురి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు. మేజిస్ట్రేటు గారు మహిళ. ఎత్తు కుర్చీలో కొంచెం పక్కకి ఒరిగి కూర్చుని, ఎస్సై గారిచ్చిన కాగితం ఇంకా పూర్తిగా చదవకుండానే అడిగారు.

"ఏసుపాదం, నీ ఎదురుగా ఉన్నవాళ్లలో పరారైన కిరణ్ ఎవరో చూసి చెప్పు."

ఏసుపాదం గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. "పరారైపోయినోడు ఇక్కడెందుకుంటాడండమ్మా?"

సోడా బండి కిరణ్ చప్పట్లు కొట్టబోయి చేతులు వెనక్కి తీసుకున్నాడు. మేజిస్ట్రేటు గారు కలం కింద పెట్టి అతన్ని తేరిపార చూశారు.

"నీకు నేను కనపడుతున్నానా?"

"లేదండమ్మా. ఇనపడుతున్నారు. మీ కుర్చీ కూడా ఇనపడతందండి. ఎడంపక్క అల్లిక నాలుగు వరసలు తెగిపోయినియ్యండి. తవరు కుడిపక్కకి ఒరిగి కూచున్నారు. నడుం లాగుతుండాలండి, పాపం."

మేజిస్ట్రేటు గారు లేచి కుర్చీ వంచి చూసుకున్నారు. వరసలు నాలుగే. "రెండేళ్లనుంచి ముగ్గురు డాక్టర్ల చుట్టూ తిరిగాను. ఇంతమంది కళ్లున్నవాళ్లు రోజూ ఈ గదిలో ఉంటారు" అని బెంచి క్లర్కు వైపు చూశారు. ఆయన నేల వైపు చూశాడు.

అప్పుడు కూర్చుని మా కాగితం మొదటినుంచి చివరిదాకా చదివారు. చదవడం అయ్యాక నన్ను పిలిచారు.

"ఇది మీరు రాశారా?"

"నోట్ చేశానండి."

"మీకు కళ్లు కనపడతాయా?"

కోర్టులో అబద్ధం చెప్పకూడదు. "సున్నా దశాంశం సున్నా సున్నా..." అని మొదలుపెట్టాను.

"చాలు" అన్నారు ఆవిడ.

అక్కడికక్కడే ఆర్డరు చెప్పి రాయించారు. "సాక్షికి రెండు కళ్లూ బొత్తిగా కనపడవని ఈ కోర్టు కళ్లారా చూసింది. ఇతను పూర్తి అంధుడు. ఇందుకు విరుద్ధమైన కాగితం ఏ ఆఫీసు ఇచ్చినా చెల్లదు. ఇక్కడ హాజరైన ముగ్గురు కిరణ్‌లూ పరారు కాలేదన్నది స్పష్టం కనుక ఇళ్లకు వెళ్లవచ్చు."

ఆర్డరు నకలు చేతికొచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. జూన్ ముప్పై. కమలాక్షి గారు నకలు తీసుకుని కమిషనరు గారి గదిలోకి వెళ్లి, ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సంతకం అయ్యేదాకా లేవనన్నారు. కమిషనరు గారు మూడు గంటలకి కాఫీ తాగారు, నాలుగు గంటలకి నిట్టూర్చారు, అయిదుకి పది నిమిషాలుండగా నన్ను పిలిచి చెప్పి రాయించారు.

"కోర్టువారి దృష్టిలో ఇతడు నూటికి నూరు శాతము అంధుడు. మండలి దృష్టిలో కాడు. అయినను మండలి దృష్టి సున్నా దశాంశం సున్నా సున్నా మూడు అయిదు శాతము మాత్రమే గనుక కోర్టువారి దృష్టికే ప్రాధాన్యమివ్వడమైనది. పర్మినెంటు చేయవచ్చును."

ఈసారి భ్రమరాంబ గారి పక్కన నిలబడి అక్షరం అక్షరం నేనే చదివి టైపు చేయించాను. అయిదు కొట్టేలోపు ముద్ర పడింది. వరండాలో ఏసుపాదం చేతిలో కాగితం పెడితే, దాన్ని వేళ్లతో తడిమి, ముద్ర ఉన్నచోట బొటనవేలు ఆనించి, చాలాసేపు తియ్యలేదు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకున్న ఆ కాస్త శాతం కూడా కొంచెం మసకబారింది.

మర్నాడు అతను గేటు దగ్గర పాసు రాయించుకోకుండా లోపలికొచ్చాడు. వాచ్‌మన్ అలవాటు కొద్దీ పేరడిగితే, "పర్మినెంటండి, ఆయ్" అని ఆగకుండా నడిచాడు. నేరుగా నా బల్ల దగ్గరికొచ్చాడు.

"పేర్రాజు గారూ, మీ కుర్చీతోనే బోణీ చేత్తానండి. లెగండి."

ఈసారి లేచాను. ఆ మాత్రం చెయ్యకపోతే మనిషినే కాను. అతను తువ్వాలు తీసి మడత పెట్టాడు. కుర్చీ వంచి, అడుగునుంచి చెయ్యి పెట్టి, చిల్లులో కుక్కిన కట్ట బయటికి లాగాడు. దాని మీద అరచెయ్యి ఆనించి ఆగాడు.

"ఏటండీ ఇది, కాయితాలు వెచ్చగా ఉన్నాయి. ఇప్పటిదాకా ఎవరో దీని మీదే కూచున్నారండి."

అందుకున్నాను. నొక్కుడు పడి అప్పడంలా అయిపోయింది. అట్ట మీద నా దస్తూరీయే. నేలపూడి ఏసుపాదం, కుర్చీల అల్లిక, పర్మినెంటు చేయు విషయము. లోపల చివరి పేజీలో అప్పటి కమిషనరు గారి ఆకుపచ్చ సిరా. "మంజూరు. ఉత్తర్వు వెంటనే పంపవలెను." తారీకు అయిదేళ్ల కిందటిది. పంపాల్సినవాణ్ణి నేనే.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ వేడి కూడా అతనికి తెలిసిపోతుందేమోనని రెండడుగులు వెనక్కి వేశాను.

"ఎవరి ఫైలండీ?" అన్నాడు ఏసుపాదం, పేము కట్ట విప్పుకుంటూ.

ఇరవై ఆరేళ్లుగా నోటికి అలవాటైన మాటే వచ్చింది. "కనపడటం లేదు ఏసుపాదం."

"ఆడ చీకటిగా ఉందేమోనండి. ఎండ కిటికీ కాడుంది, నా చెవికి తగుల్తంది. అక్కడికెళ్లి సూడండి."

వెళ్లాను. కిటికీ దగ్గర నిలబడి, అట్ట మీది పేరు దగ్గర్నుంచి అతనికి వినపడేలా పైకి చదవడం మొదలుపెట్టాను.